నెయ్యి వద్దంటే విశాఖ ఏం పెట్టింది

మాంసం, చేపలు, గుడ్లతో పాటు పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, తేనె కూడా తినని వాళ్ళను ఇప్పుడు వీగన్లు అంటున్నారు. నేను ఆ వరసలో చేరి కొంతకాలమైంది. మా ఊళ్ళో ఏ హోటల్లో ఏది అడగాలో బాగా తెలుసు. కొత్త ఊరికి వెళ్ళినప్పుడే వెతుకులాట. జూన్ మొదట్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుతున్న మా మేనకోడలిని చూడడానికి విశాఖ వెళ్ళాను. "అత్తా, సముద్రపు ఊళ్ళో నీకేం దొరుకుతుంది? చేపలు కాకపోతే నెయ్యి కారం దోసెలు" అని బయలుదేరక ముందే బెంగపెట్టుకుంది. నిన్న రాత్రే ఇంటికి చేరాను. తిన్న రుచులు, విన్న మాటలు మరచిపోకముందే రాస్తున్నాను.

గురువారం: ద్వారకానగర్, జగదాంబ

విశాఖలో టిఫిన్ ఎక్కడ బాగుంటుందని అడిగితే చాలామంది ద్వారకానగర్ పేరు చెబుతారు. సాయిరామ్ పార్లర్ పేరు వెంటనే వినబడుతుంది. మేము మాత్రం పక్క సందులో ఒక చిన్న హోటల్లో కూర్చున్నాం, ఎందుకంటే అక్కడ పెనం మన ఎదుటే ఉంది. పెనం కనబడే చోటు వెతుక్కోవడం నాకు అలవాటు. దోసె మీద ఏం పోస్తున్నారో చూడవచ్చు, సమయానికి వద్దనవచ్చు.

"నెయ్యి లేకుండా పెసరట్టు" అని చెప్పాను. వడ్డించే అబ్బాయి తల ఊపి వెళ్ళి, పెసరట్టు మీద వెన్నముద్ద పెట్టి తెచ్చాడు. నెయ్యి వద్దన్న మనిషికి లోటు జరగకూడదని అతని ఉద్దేశం. మేనకోడలు ఆ ప్లేటు తన ముందుకు లాక్కుంది. నేను లేచి పెనం దగ్గరికే వెళ్ళాను.

"బాబూ, నెయ్యి, వెన్న, పాలు, పెరుగు, మజ్జిగ ఏవీ పడకూడదు. నూనె ఎంత పోసినా ఫరవాలేదు" అన్నాను.

ఆ చివరి మాటకు వంటాయన ముఖం విప్పారింది. "నూనె పోయవచ్చా అమ్మా? అయితే అల్లం, పచ్చిమిర్చి దండిగా వేసి ఎర్రగా కాల్చి ఇస్తాను" అన్నాడు. అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, అల్లం ముక్కలు పంటికి తగులుతూ వచ్చింది ఆ పెసరట్టు. అరవై రూపాయలు. వద్దన్నవన్నీ వరసగా చెబుతుంటే ఎదుటివాళ్ళు మనకు ఒంట్లో బాగాలేదనుకుంటారు. కావలసింది కూడా చెప్పినప్పుడు వాళ్ళ చేతికి పని దొరుకుతుంది. ఈ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నేను ఎక్కడికి వెళ్ళినా అదే వాక్యం చెప్పాను.

రద్దీ తగ్గాక ఆయన ఓపిగ్గా మిగతా సంగతులు చెప్పాడు. రవ్వ దోసె పిండి పుల్ల మజ్జిగతో కలుపుతారు. మైసూరు బజ్జీకి మైదాలో పెరుగు పడాల్సిందే. ఉప్మా దించే ముందు గరిటెడు నెయ్యి పోస్తారు, పొంగల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇడ్లీ, సాదా దోసె, మినపగారె, పూరీ, పూరీలోకి చేసే శనగపిండి కూర ఆయన దగ్గర నాకు పనికొస్తాయి. కొబ్బరి పచ్చడిలో కొన్ని హోటళ్ళు పెరుగు కలుపుతాయట. "మేము కలపం. పక్కవాళ్ళది పక్కవాళ్ళనే అడగండి" అన్నాడు. ఇంత నిజాయితీగా చెప్పే వంటాయన ఉన్న హోటలుకు మళ్ళీ మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది, వెళ్ళాను కూడా.

కాఫీకి వట్టి డికాషన్ అడిగి, బెల్లం ముక్క కలుపుకున్నాను. అరకు కొండల్లో గిరిజన రైతులు పండించే అరబికా గింజలకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కొండలకు ఇంత దగ్గరి ఊళ్ళో పాలు లేని కాఫీ అడగడం వింతగా ఉండకూడదు. కానీ ఆ అబ్బాయి గ్లాసు నా ముందు పెట్టి, తాగుతానో లేదో అని అక్కడే నిలబడ్డాడు. తాగాను. చాలా బాగుంది.

మధ్యాహ్నం భోజనం జగదాంబ కూడలి దగ్గర. ఊళ్ళో శాకాహార భోజనానికి దసపల్లా హోటల్లోని ధరణికి పేరుంది. మేము అంత పెద్దది కాని ఒక పాత భోజన హోటలుకు వెళ్ళాం. అరిటాకులో అన్నం, మామిడికాయ పప్పు, దొండకాయ వేపుడు, ఆనపకాయ పులుసు, చారు, గోంగూర పచ్చడి, కందిపొడి, అప్పడం, ఊరమిరపకాయలు, పెరుగు, ఒక మిఠాయి. వడ్డించే పెద్దాయన నేతి గిన్నెతో వస్తుంటే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన నొచ్చుకున్నట్టు ఆగాడు. కారణం చెప్పి, పప్పు తాలింపు దేనితో పెట్టారని అడిగాను. వంటింట్లోకి వెళ్ళి కనుక్కుని వచ్చి, "తాలింపులన్నీ నూనెవే. మిఠాయిలో నెయ్యి ఉంది. ఊరమిరపకాయలు వద్దమ్మా, అవి మజ్జిగలో ఊరినవి" అన్నాడు. ఊరమిరపకాయల సంగతి చాలామంది వీగన్లకే తట్టదు. నేను అడగకుండానే ఆయనకు తట్టింది. కందిపొడిలోకి నూనె సీసా తెచ్చి పక్కన పెట్టి, పెరుగుకు బదులు రెండో గిన్నెడు చారు పోశాడు. నూట ఎనభై రూపాయలకు అంతకంటే మంచి భోజనం ఎక్కడా కోరుకోను.

గురువారం సాయంత్రం: బీచ్ రోడ్డు

రామకృష్ణా బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ముందు ఎప్పటిలాగే జనం. 2002 నుంచి అది మ్యూజియం. దాన్ని చూసి వచ్చిన పిల్లలందరూ నేరుగా తిండి బళ్ళ దగ్గరికే నడుస్తారు. నా వెతుకులాటలో అన్నిటికన్నా సులువైన చోటు ఇదే. మురీ మిక్చర్‌లో మరమరాలు, వేయించిన పల్లీలు, ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, కారం, నిమ్మరసం తప్ప మరేమీ లేవు. జూన్ కాబట్టి పుల్ల మామిడికాయ కోరు కూడా పడింది. బండి అతను చేతిలోని డబ్బాను గరిటెతో టకటక కొట్టి కలుపుతుంటే, పక్కన నిలబడ్డ వాళ్ళు కారం ఎంత, ఉల్లి ఎంత అని ఎవరికి తోచింది వాళ్ళు చెబుతున్నారు. అందరి మాటా విని, అందరికీ వేరువేరుగా కలిపాడు. పొట్లం నలభై.

టమాటా బజ్జీ కూడా తిన్నాను. శనగపిండి పూతతో వేయించి, మధ్యకు కోసి, ఉల్లిపాయ, కారం, నిమ్మరసం పెట్టి ఇస్తారు. నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న కంకి ముప్పై రూపాయలు. ఉడికించిన గింజలు అమ్మే బళ్ళ దగ్గర మాత్రం వెన్న వేస్తారు, ముందే చెప్పాలి. నిప్పుల బండి దగ్గర ఆ గొడవ లేదు, ఉప్పు, కారం అద్దిన నిమ్మచెక్కతో రుద్దుతారు. మేనకోడలు ఇసుకలో కూర్చుని, "నేను ఇన్నాళ్ళూ ఇక్కడ వీగన్ తిండే తింటున్నానా అత్తా!" అంది.

శుక్రవారం: సింహాచలం

కొండ మీద స్వామి ఏడాదంతా చందనపు పూతలోనే ఉంటాడు. అక్షయ తృతీయ నాడు మాత్రం నిజరూప దర్శనం. దర్శనమయ్యాక ప్రసాదాల వరస. పులిహోర, లడ్డు. పులిహోర పొట్లం విప్పగానే చింతపండు, ఇంగువ, నూనెలో వేగిన మిరపకాయ వాసన. దేవాలయపు పులిహోర ఎందుకు అంత బాగుంటుందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. నేను మాత్రం చింతపండు పులుసు నూనె తేలేదాకా ఉడకడమే కారణమంటాను.

ఇబ్బంది లడ్డు దగ్గర వచ్చింది. మండపంలో మా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ తన లడ్డు విరిచి సగం నా చేతిలో పెట్టింది. ప్రసాదం వద్దనడం నా వల్ల కాదు, తినడమూ నా వల్ల కాదు. కళ్ళకద్దుకుని మేనకోడలి చేతిలో పెట్టాను. పెద్దావిడ చూసింది. "చక్కెర ఉందా అమ్మా?" అని అడిగింది. లేదని, పాలు, నెయ్యి మానేశానని చెప్పాను. "ఏదైనా మొక్కా?" అంది. ఒక విధంగా మొక్కే అన్నాను. ఆవిడ ఇంక ఏమీ అడగలేదు. తన పులిహోరలో సగం నా పొట్లంలోకి వంచింది. మొక్కు అన్న మాటను మన వాళ్ళు ఎంత గౌరవిస్తారో నాకు అక్కడ తెలిసింది. ఆరోగ్యం కోసమన్నా, పర్యావరణం కోసమన్నా వాదన మొదలవుతుంది. మొక్కు అంటే ఎవరూ వాదించరు. నేను అబద్ధమూ ఆడలేదు.

దిగేటప్పుడు మెట్ల దారి పక్కన అనాసపండ్లు. సింహాచలం కొండల మీద అనాస, పనస, మామిడి పండిస్తారు. అనాస కాపు అప్పుడే మొదలైంది. కోసి ఉప్పు, కారం చల్లిన ముక్కలు ఇరవై రూపాయలు. పుల్లగా, వాసనగా, కాయ చిన్నదైనా రసం చేతుల మీదుగా కారింది. ముంజలు కూడా ఇంకా దొరుకుతున్నాయి. అమ్మే మనిషి కత్తితో కాయ చెక్కి, బొటనవేలితో ముంజ తీసి ఆకులో పెట్టింది. ఎండ మండిపోతున్న ఆ మధ్యాహ్నం అదే మా భోజనం.

శనివారం: ఎం.వి.పి. కాలనీ, సిరిపురం

ఫోనులోని పటం ఎం.వి.పి. కాలనీలో ఒక వీగన్ కేఫ్ చూపించింది. రెండు సందులు తిరిగి, ఒక పార్కు చుట్టూ ప్రదక్షిణం చేసి, చివరికి అది చూపించిన చోట నిలబడితే దర్జీ దుకాణం ఉంది. కేఫ్ మూతపడి చాలా కాలమైందని దర్జీ చెప్పాడు. "ఆకలిగా ఉంటే రైతుబజార్ వైపు వెళ్ళండి, అంబలి బండి ఉంటుంది" అని దారి కూడా చెప్పాడు.

ఉత్తరాంధ్రలో రాగులను చోళ్ళు అంటారు. చోడిపిండి రాత్రే నానబెట్టి పులియనిచ్చి, మర్నాడు నూకలతో కలిపి ఉడికిస్తే చోడంబలి. బండి దగ్గర నడివయసు దాటిన ఒకావిడ, రెండు కుండలు. ఒక దానిలో అంబలి, ఒక దానిలో మజ్జిగ. అందరికీ కలిపే పోస్తోంది. మజ్జిగ లేకుండా, నీళ్ళతో పలచన చేసి, ఉప్పేసి ఇమ్మన్నాను.

"మజ్జిగ పడదా అమ్మా?"

"పడక కాదు, మానేశాను."

"ఎందుకు?"

సూటిగా అడిగింది కాబట్టి సూటిగానే చెప్పాను. ఆవుకైనా గేదెకైనా ఈనితేనే పాలు. ఆ పాలు దూడవి. పెద్ద డైరీల్లో దూడను త్వరగా తల్లి నుంచి వేరు చేస్తారు. మగదూడ పుడితే దాన్ని పోషించేవాళ్ళే అరుదు. ఆ సంగతి తెలిశాక నా గొంతు దిగలేదు. ఆవిడ గ్లాసు కడుగుతూ విన్నది. "మా ఊళ్ళో రెండు గేదెలుండేవి. దూడ తాగి వదిలాకే మా అమ్మ పితికేది. దూడ కడుపు మాడ్చిన ఇంట్లో పాడి నిలవదనేది. ఇప్పుడు నేను కూడా ప్యాకెట్ పాలే తోడుపెడుతున్నాను, ఆ దూడ ఏమైందో నాకేం తెలుసు" అంది. తర్వాత పెద్ద గ్లాసు నిండా అంబలి పోసి, పచ్చి ఉల్లిపాయ, కొత్త ఆవకాయ ముక్క నంజుకోవడానికి ఇచ్చింది. అంబలికి ఇరవై ఐదు తీసుకుంది, ఆవకాయకు డబ్బులు తీసుకోలేదు. పులుపు అంబలిలోనే ఉంది, మజ్జిగ లేని లోటు నాకు తెలియలేదు. ఈ యాత్రలో నన్ను ఎవరూ ఇంత శ్రద్ధగా వినలేదు.

సాయంత్రం సిరిపురంలో ఒక కొత్త తరహా కేఫ్. చల్లని గది, మెత్తని కుర్చీలు, మెనూలో కొన్ని పేర్ల పక్కన ఆకుపచ్చ ఆకు గుర్తు. ఓట్స్ పాలతో కాఫీ రెండు వందల తొంభై రూపాయలు. నురగ బాగా వచ్చింది, రుచి కూడా బాగుంది, ఒప్పుకోవాలి. అయితే ఆకు గుర్తున్న సలాడ్ తెప్పించుకుంటే మీద తేనె పోసి ఉంది. చెబితే, తేనె కూడా కుదరదా అని ఆ అమ్మాయి నిజంగానే ఆశ్చర్యపోయింది. వెంటనే మార్చి తెచ్చింది. మెనూలో దిద్దారో లేదో చూడడానికి మళ్ళీ వెళ్ళలేదు. ఇంకో చోట వెజ్ బిర్యానీ గురించి అడిగితే పెరుగు లేదని గట్టిగా చెప్పారు. ముద్ద నోట్లో పెట్టగానే పుల్లటి పెరుగు తెలిసింది. బిర్యానీకి కూరగాయలను పెరుగులో నానబెట్టడం మామూలే, ఆ వంటవాళ్ళకు అది పాల వస్తువుగా తోచదు. డబ్బులు పోయాయన్న బాధ కన్నా, అడిగినా సరిగ్గా చెప్పలేదన్న బాధే ఎక్కువైంది.

ప్యాకెట్ల సంగతి ఇక్కడే చెబుతాను. ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం అని మాత్రమే అర్థం, పాలపొడి ఉన్నా ఆ చుక్క ఉంటుంది. వీగన్ ఆహారానికి ఆహార ప్రమాణాల సంస్థ 2021లో వేరే గుర్తు తెచ్చింది. ఆ రాత్రి దుకాణంలో బిస్కట్ల వరస అంతా చదివాం, ఆ గుర్తున్నది ఒక్కటీ కనబడలేదు. పల్లీ పట్టీ కొనుక్కుని వచ్చాం.

ఆదివారం: పెదవాల్తేరు, ఒక ఇల్లు

మేనకోడలి స్నేహితురాలి తల్లి భోజనానికి పిలిచారు. ముందురోజే ఫోనులో అన్నీ చెప్పాను. అయినా గుమ్మంలోనే, "వదినగారూ, పప్పన్నంలోకి కాస్త నెయ్యి వేయకుండా ఎలా పెట్టను? మా అత్తగారు ఉంటే నన్ను ఇంట్లోంచి పంపేసేవారు" అన్నారు. మన దగ్గర నెయ్యి వేయడమంటే మర్యాద చేయడం. దాన్ని వద్దనే మనిషి ఆ మర్యాదకు మరో దారి చూపించాలి. "నువ్వుల నూనె ఉందా వదినగారూ? అది వేయండి, రెండు గరిటెలు వేయండి" అన్నాను. ఆవిడ నవ్వి లోపలికి వెళ్ళారు.

ఆ రోజు తిన్నది ఏ హోటల్లోనూ దొరకదు. కాపు చివర్లో దొరికిన లేత పనసకాయ పొట్టు కొట్టించి, పసుపేసి ఉడికించి, నీళ్ళు పిండేసి, చింతపండు పులుసు, జీడిపప్పు, ఎండుమిర్చి తాలింపుతో పనసపొట్టు కూర. దానికి ఆవ పెట్టారు. నానబెట్టిన ఆవాలు నూరి, కూర దించి చల్లారాకే కలపాలట, పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుతుందట. మొదటి ముద్దకే ఘాటు ముక్కులోకి ఎక్కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేనకోడలు మంచినీళ్ళు అందించబోతే వదినగారు వారించి, "అన్నం ముద్ద మింగు, తగ్గిపోతుంది" అన్నారు. తగ్గింది. ముద్దపప్పు, నువ్వుల పొడి, బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు, మామిడికాయ పచ్చడి. పప్పన్నంలో పచ్చి నువ్వుల నూనె పోసి కలుపుకుంటే నేతి కన్నా భారంగా, కాస్త చిరుచేదుగా, ఎంతో బాగుంది. పెద్దవాళ్ళు ఆవకాయ అన్నంలోకి ఈ నూనే వేసుకునేవారని వదినగారే గుర్తుచేశారు.

చివర్లో సగ్గుబియ్యం పాయసం. అనకాపల్లి బెల్లం, కొబ్బరిపాలు. రెండోసారి తీసిన పలచని పాలలో సగ్గుబియ్యం ఉడికించి, దించాక బెల్లపు పాకం, చిక్కటి మొదటి పాలు కలిపారు. ఎప్పుడూ ఆవుపాలతో చేసే ఆవిడ మొదటిసారి ఇలా చేశారట. కొసరి కొసరి వడ్డిస్తూ, నా ముఖం చూస్తూ ఉన్నారు. నేను మూడో గిన్నె అడిగాక తానూ రుచి చూసి, "వినాయక చవితికి కూడా ఇదే చేస్తాను" అన్నారు.

సోమవారం: పూర్ణా మార్కెట్

పూర్ణా మార్కెట్‌లో పూల వరసలోకి వెళ్ళి, అక్కడి నుంచి బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. పచారీ దుకాణం ఎటు అని ఎవరిని అడిగినా ముందు పూలు చూపించారు. చివరికి నువ్వుల నూనె, చిన్న ఆవాలు, చోడిపిండి, అనకాపల్లి బెల్లం కొన్నాను. మిఠాయి దుకాణంలో మాడుగుల హల్వా చూసి మేనకోడలు ఆశపడింది. గోధుమ పాలతో చేస్తారు కాబట్టి నేను కూడా తినవచ్చేమో అంది. గోధుమ పాలే, కానీ నెయ్యి లేకుండా ఆ హల్వా లేదు. తనకు పావుకిలో కొనిచ్చి, నేను బెల్లం, నువ్వుల జీళ్ళు తీసుకున్నాను. బెల్లం గవ్వలు దేనిలో వేయించారని అడిగితే దుకాణదారు దాచకుండా, "ఇవి నేతివి, ఆ డబ్బావి నూనెవి" అని రెండూ చూపించాడు. నూనెవి అరకిలో తెచ్చుకున్నాను.

రైల్లోకి పొట్లం వదినగారే పంపారు. పులిహోర, నూనెలో వేయించిన అప్పడాలు, ఒక చిన్న సీసాలో ఆవ ముద్ద, దాన్ని ఎలా వాడాలో కాగితం మీద రాసి. విశాఖ వెళ్ళే వాళ్ళు ఎవరైనా నాలాంటి వాళ్ళైతే, వీగన్ అన్న బోర్డు కోసం తిరగకండి. పెనం కనబడే హోటల్లో కూర్చుని, ఏవి వేయకూడదో, వాటికి బదులు ఏది వేయాలో రెండూ చెప్పండి. రైతుబజార్ దగ్గరి అంబలి బండికి పొద్దున పది లోపే వెళ్ళండి, మజ్జిగ కలపకముందే వద్దని చెప్పండి.